కంచంలో కారం, పాఠంలో క్షారం

మార్చి నెల వచ్చిందంటే పదో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో ఒక మాట రెండు వేషాల్లో తిరుగుతుంటుంది. పుస్తకం ముందు కూర్చున్న పిల్ల ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ అని వల్లెవేస్తుంది. భోజనానికి లేచి ‘అమ్మా, కూరలో కారం ఎక్కువైంది’ అంటుంది. ఆ క్షారమూ ఈ కారమూ ఒకటే మాటని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. సైన్సు మాస్టారికి తెలుగు పేపరుతో పనిలేదు, తెలుగు మాస్టారికి లిట్మస్ కాగితంతో పనిలేదు.

నిజానికి ఇది ఇద్దరి సిలబస్‌లోకీ వచ్చేదే. తెలుగు పరీక్షలో ప్రకృతి–వికృతులు అడుగుతారు. రాక్షసుడు–రక్కసుడు, పక్షి–పక్కి, యక్షులు–జక్కులు. క్షారం–కారం ఆ వరసలోదే. మాట నడుమ వచ్చిన ‘క్ష’ తెలుగు నోట్లో ‘క్క’ అవుతుంది. మాట మొదట్లో ద్విత్వాన్ని మన నాలుక ఒప్పుకోదు కాబట్టి అక్కడ ఒంటి ‘క’ మిగిలింది. రూపం మారిన సంగతి ఇంత తేలిక. అర్థం మారిన సంగతే ఊరించేది. బట్టలుతికే సోడాను వర్ణించాల్సిన మాట ఆవకాయ జాడీలోకి ఎలా వచ్చింది?

మొదట్లో క్షారమంటే బూడిదలోంచి తీసిన సరుకు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో 11వ అధ్యాయమంతా క్షారం వండడం గురించే. మోదుగ, ఉత్తరేణి, జిల్లేడు లాంటి మొక్కలను కాల్చాలి. ఆ బూడిదను నీళ్ళలో కలిపి 21 సార్లు వడగట్టాలి. వచ్చిన తేటను కాచి చిక్కబరచాలి. ఇంకా పదును కావాలంటే కాల్చిన సున్నపురాయి, శంఖం వంటివి నూరి అందులో కలపాలి. ఇదంతా శస్త్రవైద్యుడికి. కత్తి పెట్టలేని చోట మొలలను, కంతులను కాల్చడానికి పనికొచ్చే మందు అది.

ఈ వంటను పదో తరగతి భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది. చెట్ల బూడిదలో ముఖ్యంగా ఉండేది పొటాషియం కార్బనేట్. కాల్చిన సున్నం నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. రెండూ కలిస్తే కాల్షియం కార్బనేట్ అడుక్కి దిగిపోతుంది, పైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం మిగులుతుంది. అంటే మెత్తని క్షారం ముట్టుకుంటే కాలే క్షారమయింది. ప్రఫుల్లచంద్ర రాయ్ 1902లో హిందూ రసాయన చరిత్ర మొదటి సంపుటం వేసినప్పుడు ఈ అధ్యాయాన్ని ఎంతో మెచ్చుకున్నాడు. మెచ్చుకోక ఏంచేస్తాడు? మెత్తనిది, నడిమిది, తీక్ష్ణమైనది అని మూడు తరగతులు విడదీసి, సమీకరణం రాయకుండానే చర్యను చేయించిన పాఠమది.

సుశ్రుతుడు అక్కడితో ఆగలేదు. క్షారం రుచి ఏమిటో కూడా చెప్పాడు. అందులో పులుపు తప్ప మిగిలిన రసాలన్నీ ఉంటాయట. వాటిలో ప్రధానమైనది కటురసం, దాని వెనకే వచ్చేది లవణరసం. నా లెక్కలో ఈ చర్చకంతటికీ తాళంచెవి ఇదే. కటువు అంటే మిరియంలా నాలుకను మండించేది. లవణం అంటే ఉప్పు. ఒకే పదార్థానికి రెండు రుచులు. ముందు మంట, వెంట ఉప్పదనం.

ఇక దేశమ్మీదికి రండి. హిందీలో ‘ఖారా’ అంటే ఉప్పన. ‘ఖారా పానీ’ అంటే ఉప్పునీళ్ళు. తెలుగులో ‘కారం’ అంటే మంట. కన్నడిగుల ‘ఖార’ కూడా మంటే. బెంగళూరు హోటల్లో ఖారాభాత్ అడిగితే ఉప్మాలో పచ్చిమిరప తగులుతుంది. తమిళంలో ‘కారం’ మంటకూ చెల్లుతుంది, పాఠ్యపుస్తకంలోని క్షారానికీ చెల్లుతుంది. అస్సాం వాళ్ళు మాత్రం అసలు సరుకును వదల్లేదు. అరటితొక్క కాల్చిన బూడిదలో నీళ్ళు పోసి తీసిన తేటతో కూర వండుకుని దాన్ని ‘ఖార్’ అనే పిలుస్తారు. ఖార్ తినేవాళ్ళమని గొప్పగా చెప్పుకుంటారు కూడా. సుశ్రుతుడి రెండు రుచులను అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు ఉత్తరాదీ దక్షిణాదీ పంచుకున్నాయి. ఉప్పు వాళ్ళకు, మంట మనకు. ఉమ్మడి ఇల్లు అస్సాం వాటాకు వచ్చింది.

ఈ పంపకానికి సాక్ష్యం సామెతల్లో దొరుకుతుంది. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో భరతుడు తల్లిని నిందిస్తూ, పుండు మీద క్షారం పెట్టినట్టు దుఃఖం మీద దుఃఖం పెట్టావంటాడు. క్షారం వ్రణాన్ని ఏంచేస్తుందో తెలిసిన కాలపు ఉపమానం అది. దాన్నే మనం ‘పుండు మీద కారం చల్లినట్టు’ అంటున్నాం. హిందీవాళ్ళు కాలిన చోట ఉప్పు చల్లుతారు. భరతుడి మాట దక్షిణాదికి వచ్చేసరికి కారమైంది, ఉత్తరాదిలో ఉప్పైంది. ఎవరి వాటా వారు చల్లుకుంటున్నారు.

భరతుడి కాలానికి మిరపకాయ లేదని వేరే చెప్పక్కర్లేదు. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. ఆ తరవాతే పోర్చుగీసువాళ్ళ వెంట అమెరికా ఖండం నుంచి మిరప ఇక్కడికి చేరింది. అంతకుముందు మన వంటింట్లో మంట పుట్టించే పని మిరియానిది. కొత్తగా వచ్చిన కాయకు పేరు పెట్టడానికి మనవాళ్ళు పెద్దగా శ్రమపడలేదు, మిరియం పేరునే సాగదీసి మిరపకాయ అన్నారు. తమిళులూ అంతే, మిళగుకు కాయ చేర్చి మిళగాయ్ చేశారు. అలా మిరపకాయ పేరు మిరియం దగ్గర అప్పు, రుచి పేరు బూడిద దగ్గర అప్పు. గుంటూరు మిర్చియార్డులో అంత దర్జాగా రాశులు పోసుకుని కూర్చున్న సరుకుకు సొంతమంటూ ఒక్క మాట లేదు!

అయితే మంటకు ‘కటువు’ అనే సంస్కృతపు మాట ఉండనే ఉందిగా, అది ఏమయింది? దాని కథ కొంచెం జాలిగొలిపేది. హిందీలో అది ‘కడ్వా’ అయి చేదు వైపు జరిగిపోయింది. తెలుగులో కటువు నాలుకను వదిలి మాటతీరులోకి వెళ్ళింది. ‘కటువుగా మాట్లాడాడు’ అంటాం కానీ ‘పచ్చడి కటువుగా ఉంది’ అనం. ఆ ఖాళీ అయిన కుర్చీలో కారం కూర్చుంది. ఉగాదినాడు షడ్రుచులు చెప్పమంటే తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని చెబుతాం. శాస్త్రప్రకారం కటువు ఉండాల్సిన చోట కారం ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. చరకసంహితలో రసాలెన్ని అని ఋషుల మధ్య పెద్ద వాదం నడుస్తుంది. విదేహరాజు నిమి మామూలు ఆరుకు క్షారాన్ని కలిపి ఏడంటాడు. ఇంకొకాయన ఎనిమిదంటాడు. చివరికి పునర్వసు ఆత్రేయుడు తీర్పు చెబుతాడు: క్షారం రసం కాదు, ద్రవ్యం. అనేక రసాల వస్తువుల నుంచి తయారు చేసేది, కటువూ లవణమూ కలిసినది, దాన్ని రసాల జాబితాలో చేర్చడానికి వీల్లేదు. తీర్పు పకడ్బందీగా ఉంది. తెలుగువాళ్ళు దాన్ని వినిపించుకోలేదు. ఆత్రేయుడు ముందువాకిలి నుంచి పంపేసిన క్షారాన్ని వికృతి రూపంలో పెరటిదారిన తెచ్చి, ఏడో రసంగా కూడా కాదు, నాలుగో రసంగా ఉగాది పచ్చట్లో కూర్చోబెట్టారు. నిమి రాజు ఎక్కడున్నా సంతోషించాలి.

పరీక్ష రాసే పిల్లలకు ఇక్కడ ఒక హెచ్చరిక. మాట ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ క్షారం కాదు. కారప్పొడి కలిపిన నీళ్ళలో ఎర్ర లిట్మస్ ముంచితే అది నీలంగా మారదు. కాప్సైసిన్ చేసే పని వేరు. ఒంట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మేలుకునే గ్రాహకమది. నోట్లో ఉష్ణోగ్రత పెరగదు, పెరిగినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఉష్ణం భౌతికశాస్త్రం, కాప్సైసిన్ రసాయనశాస్త్రం, గ్రాహకం జీవశాస్త్రం. మూడు చాప్టర్లు ఒక్క ముద్దలో వస్తాయి.

మంటను వేడితో పోల్చడం భాషకు ఎప్పుడో తెలుసు. సోడియం హైడ్రాక్సైడ్‌ను అంగట్లో కాస్టిక్ సోడా అంటారు. ఆ ‘కాస్టిక్’ గ్రీకు మాట నుంచి వచ్చింది. అర్థం ‘కాల్చేది’. అంటే కాస్టిక్ సోడాను అచ్చ తెలుగులో కారపు సోడా అనొచ్చు. అననవసరం లేదు, ఎవరైనా పొరపాటున బజ్జీల పిండిలో వేసినా వేస్తారు.

క్షారానికి ధాతువేమిటి? సుశ్రుతుడే రెండు వ్యుత్పత్తులు చూపాడు. క్షరింపజేసేది, అంటే కరిగించి జారిపోయేట్టు చేసేది అని ఒకటి. హింసించేది, చంపేది అని రెండోది. మొదటిది నిలబడితే క్షారానికి ఒక గొప్ప చుట్టరికం కుదురుతుంది. క్షరించనిది అక్షరం. నశించనిదనే అర్థంలో పరబ్రహ్మకు పేరైన మాట, మనం పలక మీద దిద్దిన మాట. పాఠం నిండా ఉన్నవి అక్షరాలు, పాఠం క్షారం గురించి. పిల్ల తలలోంచి మర్నాటికి క్షరించిపోయేది ఆ రెండింటిలో ఏదో మీరే చెప్పాలి.

పాఠ్యపుస్తకం క్షారాల లక్షణాలు రాస్తూ ‘తాకితే జారుడుగా ఉంటాయి’ అంటుంది. వేళ్ళ మీది జిడ్డును క్షారం సబ్బుగా మార్చడం వల్ల వచ్చే జారుడు అది. క్షర ధాతువులో జారడం కూడా ఉంది కాబట్టి వ్యుత్పత్తికి వేళ్ళ సాక్ష్యం దొరికిందని సంబరపడొచ్చు. భాషాశాస్త్రజ్ఞులు మాత్రం మన సంబరం మీద నీళ్ళు చల్లుతారు. క్షారానికి దగ్గరి ధాతువు ‘కాలడం’ అనే అర్థం ఉన్న ‘క్షా’ అన్నది వారిలో చాలామంది మొగ్గు. ఇంకొంచెం ముందుకెళ్ళి దీన్ని గ్రీకు ‘క్సేరోస్’తో పోలుస్తారు. దాని అర్థం ‘ఎండినది’.

ఈ గ్రీకు మాట మన ఊళ్ళల్లో ఎంత తిరుగుతోందో చెబితే నవ్వొస్తుంది. తడి రసాయనాలు లేకుండా, పొడి మసితో నకలు తీసే పద్ధతిని చెస్టర్ కార్ల్‌సన్ 1938లో సాధించాడు. ‘పొడి రాత’ అనే అర్థంలో దానికి జెరోగ్రఫీ అని పేరొచ్చింది. అందులోంచి జెరాక్స్ పుట్టింది. పరీక్షల ముందు ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ కోసం పిల్లలు బారులు తీరే కొట్టు పేరు అదే. పోలిక సరైనదైతే క్షారం, కారం, జెరాక్స్ దాయాదులు. క్షారం పాఠాన్ని జెరాక్స్ తీయించుకుని, కారప్పూస నములుతూ చదివే పిల్లవాడు తనకు తెలియకుండానే ఒక కుటుంబ సమావేశం జరుపుతున్నాడు. కొట్టువాడికి పేజీకి ఇంతని ఇచ్చేస్తే చాలు.

బూడిద దారిలోనే ఇంకో దేశం వెళదాం. పొటాషియానికి సంకేతం ‘పి’ కాకుండా ‘కె’ ఎందుకు అన్నది ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. లాటిన్ పేరు కేలియం అని మాస్టారు జవాబిస్తారు. ఆ కేలియం అరబ్బీ ‘అల్-ఖలీ’ నుంచి వచ్చింది. ఆల్కలీ అన్నదీ అదే. అల్-ఖలీ అంటే కాల్చిన మొక్కల బూడిద. దాని ధాతువుకు వేయించడమని అర్థం. ఇక పొటాషియం అన్న పేరుందే, అది ‘పాటాష్’ నుంచి. పాట్ అంటే కుండ, యాష్ అంటే బూడిద. బూడిదనీళ్ళను ఇనుప పాత్రల్లో ఇగరబెట్టి తీసిన సరుకు కాబట్టి ఆ పేరు. పేరూ బూడిదే, సంకేతమూ బూడిదే. సుశ్రుతుడు కూడా తన క్షారాన్ని ఇనుప పాత్రలోనే దాచమన్నాడు. 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తు పంపి ఈ బూడిదలోంచి లోహాన్ని విడదీసేదాకా అందులో ఒక మూలకం దాగుందని ఎవరికీ తెలియదు. అదే ఏడు సోడియాన్నీ విడదీశాడు. మరుసటి ఏడు కాల్షియం, బేరియం వగైరాలు వచ్చాయి.

వీటినే మన పుస్తకాలు క్షారలోహాలు, క్షారమృత్తిక లోహాలు అంటాయి. మృత్తిక అనగానే పిల్లలు జడుసుకుంటారు. మృత్తికంటే మట్టి. మంటకు కరగని, నీటికి లొంగని ఆక్సైడ్లను పాత రసాయనికులు మట్టి అనే పిలిచేవారు, ఆ పిలుపే అనువాదమై నిలిచింది. క్షారపు మట్టికి మన పల్లెల్లో ఎప్పటినుంచో పేరుంది: చౌడు. చౌటిమన్ను తవ్వి తెచ్చి చాకలివాళ్ళు బట్టలకు పెట్టేవారు. చౌడు తేలిన పొలానికి జిప్సం చల్లమని వ్యవసాయాధికారులు చెబుతారు. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని వెళ్ళగొడుతుంది. ఆవర్తన పట్టికలో పక్కపక్క నిలువు వరుసల్లో కూర్చున్న క్షారలోహమూ క్షారమృత్తిక లోహమూ పొలంలో ఇలా కుస్తీ పడతాయి.

ఇంకో చిక్కు. ఇంగ్లీషులో బేస్, ఆల్కలీ అని రెండు మాటలున్నాయి. నీటిలో కరిగే బేస్‌నే ఆల్కలీ అంటారు. తెలుగు పుస్తకం రెండింటికీ క్షారమే వాడుతుంది, అవసరమైనచోట ‘నీటిలో కరిగే క్షారం’ అని వివరిస్తుంది. కాపర్ ఆక్సైడ్ నీటిలో కరగదు. అది బేస్ అవునుగాని ఆల్కలీ కాదు. ఈ ప్రశ్న తెలుగు మీడియం పిల్లకు ఎదురైతే పాపం ‘అది క్షారమే కానీ క్షారం కాదు’ అని రాయాలి. ఉపనిషత్తులా ఉంటుంది, మార్కులు పడవు.

కారం పేరు తగిలించుకున్న సరుకులు పచారీకొట్లో ఇంకా ఉన్నాయి. కంసాలి అతుకుకు వాడే బోరాక్స్ మనకు వెలిగారం. వెలి అంటే తెల్లన. తెల్లని కారం, మధ్యలో క కాస్తా గ అయింది. తమిళంలో ఇదే వెంగారం. పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారంతో నానబెట్టి కుంకుమ చేసే పద్ధతి పాతది. తుపాకిమందులో పడే పొటాషియం నైట్రేట్ మనకు సురేకారం. ముందు భాగం పారసీకపు ‘షోరా’లా ఉంది, వెనక భాగం మన క్షారమే. యవల మొక్కలు కాల్చి తీసింది యవక్షారం. వీటిలో సురేకారం నేటి లెక్కప్రకారం క్షారం కాదు, తటస్థ లవణం. పేరు పెట్టినవాళ్ళ దగ్గర లిట్మస్ లేదు, నాలుక ఉంది.

అలాగని చివర కారం కనిపించిన ప్రతి మాటా మన చుట్టం కాదు. మమకారం, సహకారం, అధికారం వగైరాల్లో ఉన్నది ‘చేయడం’ అనే అర్థంగల కృ ధాతువు. అధికారంలో మంట ఉంటుందని అనుభవజ్ఞులు చెప్పినా వ్యుత్పత్తి ఒప్పుకోదు.

ఎదుటి పక్షం సంగతి క్లుప్తంగా. ఆమ్లం అంటే పులుపు. లాటిన్ ‘ఆసిడుస్’కూ అదే అర్థం. ఈ జంటలో అనువాదం చక్కగా అతికింది. కానీ ఆమ్లం పేరు మీద ఒక పెద్ద పొరపాటు మన భాషలో శాశ్వతంగా ముద్రపడింది. ఆమ్లాలన్నిటికీ మూలం ఒకే వాయువని నమ్మి లవోజియే దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు, ఆమ్లాన్ని పుట్టించేది అని. మనవాళ్ళు బుద్ధిగా ఆమ్లజని అన్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆ వాయువు లేనే లేదని 1810 నాటికి డేవీ తేల్చాడు. ఆమ్లత్వానికి కారణం హైడ్రోజన్ అయాన్లని ఆ శతాబ్దం చివరికి అరీనియస్ సిద్ధాంతం చెప్పింది. అంటే ఆమ్లజని అనే బిరుదు ఉదజనికి దక్కాల్సింది. ప్రాణవాయువు అనే పేరు వాడుకలో నిలిచి మన పరువు కాపాడింది.

పనిలో పనిగా నత్రజని. అందులోని ‘నత్ర’ గ్రీకు నైట్రాన్ మీదుగా ప్రాచీన ఈజిప్టు దాకా వెళుతుంది. మమ్మీలను ఆరబెట్టడానికి వాళ్ళు వాడిన సోడా ఉప్పు నేట్రాన్. సోడియం సంకేతం ‘ఎన్‌ఏ’ కూడా అక్కడిదే. ఒకే పురాతన ఉప్పు అటు సోడియానికి సంకేతమైంది, ఇటు నైట్రోజన్‌కు పేరైంది. అదీ క్షారమే, మళ్ళీ మొదటికొచ్చాం.

క్షారాన్ని గుర్తుపట్టే పద్ధతి లిట్మస్ రాకముందే మన గడపల్లో ఉంది. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు రెండూ పసుపులో సున్నం కలిపితే వచ్చేవే. పసుపు సూచిక, సున్నం క్షారం, ఎరుపు ఫలితం. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపుపచ్చన అవుతాయి. దిష్టి తీసిన పెద్దమ్మకు సైన్సు రాదని ఎవరైనా అంటే ఆవిడ ఊరుకోవచ్చు, నేను ఊరుకోను.

సున్నం అన్నది చూర్ణానికి వికృతి, అంటే పొడి. సున్న మాత్రం శూన్యానికి వికృతి. రెండూ ఒక నిండుసున్న తేడాలో పక్కపక్కనే బతుకుతున్నాయి. కాల్షియం ఆక్సైడ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు తొందరలో పూర్ణానుస్వారం మరిచి ‘సున్న’ అని రాసిన కుర్రాడికి మాస్టారు ఏం వేస్తారో ఊహించొచ్చు.

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు. ఈ చర్యకు తటస్థీకరణం అని పేరు. తటం అంటే ఒడ్డు. ఏటి ఒడ్డున నిలబడి ఇటూ అటూ పోనివాడు తటస్థుడు. క్షారపు మంట ఎక్కువైతే పుల్లని ద్రవంతో కడగమని సుశ్రుతుడు చెప్పాడు. వేడిచేసే పులుపు మంటనెలా ఆర్పుతుందని శిష్యుడి సందేహం. క్షారంలోని తీక్ష్ణమైన ఉప్పదనం పులుపుతో కలిస్తే పదును వదిలి మాధుర్యం పొందుతుందని గురువు సమాధానం. మన పుస్తకం మాధుర్యం బదులు ‘లవణం’ అంటుంది. లవణం నుంచి లావణ్యం పుట్టిందని గుర్తుంచుకుంటే ఇద్దరి మాటల్లో తేడా మరీ అంత పెద్దది కాదు. తాకేచోట కాలే రెండు పదార్థాల కలయికకు సంస్కృతం అందం వాసన పట్టింది.

అరీనియస్ తరవాత క్షారమంటే నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ దానికి పీహెచ్ కొలబద్ద కట్టాడు. 25 డిగ్రీల దగ్గర 7 దాటితే క్షారం. ఇక బూడిదతో పనిలేదు, కుండతో పనిలేదు, నాలుకతో అసలే పనిలేదు. ప్రయోగశాలలో ఏదీ రుచి చూడరాదని గోడ మీద రాసి ఉంటుంది. నాలుక మీద పుట్టిన మాటకు నాలుకే నిషిద్ధమయింది.

చివరిగా రివిజన్ అన్న మాట. దానికి పుస్తకాల్లో పునశ్చరణ అని ఉంటుంది, ఇంట్లో పెద్దలు నెమరువేయడం అంటారు. నాకు రెండోదే ఇష్టం, దానికి కారణం పూర్తిగా రసాయనికం. గడ్డి పులిసి ఆవు కడుపులో ఆమ్లాలు పుడుతుంటాయి. నెమరువేసేటప్పుడు ఊరే లాలాజలంలో బైకార్బనేట్ పుష్కలంగా ఉంటుంది. అది క్షారగుణం కలది, కడుపులోకి దిగి ఆ ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. గడ్డి తగ్గి దాణా ఎక్కువైన పశువు నెమరు తగ్గించేస్తుంది. అప్పుడు పాడిరైతు దాణాలో వంటసోడా కలుపుతాడు. పశువు నెమరువేయడం వల్ల దాని కడుపులో పీహెచ్ ఎటు జరుగుతుంది, ఎందుకు? ఈసారి పేపరు తయారుచేసేవారు ఈ ప్రశ్న ఇస్తే నాలుగు మార్కులు కేటాయించాలని మనవి.